పదమునకు ధాతువు ప్రమాణమా?

ఇంగ్లీషు భాషను అభ్యసించు విద్యార్థులకు లాటిను ధాతువుల మూలమున పదజాలమును బోధించు పద్ధతి చిరకాలముగా ప్రచారమున నున్నది. వేలకొలది పదములను ఒక్కొక్కటిగా వల్లించుటకు మారుగా, వానికి ఆకరములైన కొన్ని ధాతువులను, ఆ ధాతువులకు ముందు చేరు కొన్ని ఉపసర్గలను గ్రహించినచో తక్కిన పదసంపద యంతయు స్వల్పశ్రమతో వశమగునని దీనిని ఆదరించువారి విశ్వాసము. 1949లో నార్మన్ లూయిస్ ప్రకటించిన ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ అను పుస్తకము ఈ మార్గముననే నడచినది. మన దేశమున పోటీ పరీక్షలకు సిద్ధమగు యువకులలో దాని పేరు విననివారు అరుదు. చూచుట యను అర్థము గల ‘స్పెక్’ అను ధాతువును తెలిసికొన్న విద్యార్థికి, లోనికి చూచి పరీక్షించువాడు ఇన్‌స్పెక్టరనియు, మరల వెనుదిరిగి చూడదగినవానియెడ కలుగు భావము రెస్పెక్టనియు, క్రిందినుండి చూచు చూపున పుట్టినది సస్పెక్టనియు, వెలుపలికి దృష్టి సారించి నిరీక్షించుట ఎక్స్‌పెక్టనియు, చిన్నచూపు చూచుట డిస్పైజనియు ఒక్కసారిగా తేటపడును. అట్లు తేటపడినపుడు కలుగు సంతోషమునకు జ్ఞాపకశక్తికి చిక్కిన సౌకర్య మొక్కటే కారణము కాదు. ఆ పదముల యథార్థమైన అర్థము ఇప్పుడు గదా తెలిసినది యను నిశ్చయము కూడ దానితో కలసి యుండును. ఆ నిశ్చయ మెంతవరకు సమంజసమో విచారించుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము. పైకి భాషాబోధనకు సంబంధించినదిగా కనబడినను, ఈ ప్రశ్నకు మన దర్శనములలో పురాతనమైన స్థానము కలదు; పదమువలన కలుగు జ్ఞానమునకు ఏది ఆధారమను మీమాంసలో ఇది యొక ప్రధానమైన భాగము.

ముందుగా ఈ పద్ధతికి ఇంగ్లీషున అవకాశ మెట్లు కలిగినదో చెప్పవలయును. ఆ భాష స్వతః జర్మానికు శాఖకు చెందినది. తల్లి, తండ్రి, నీరు, రొట్టె, వచ్చుట, పోవుట అనువానికి దానియందు నేటికిని ఆ శాఖకు చెందిన మాటలే నిలిచియున్నవి. 597లో కాంటర్‌బరీ అగస్టీను కెంటు రాజ్యమునకు క్రైస్తవమును తెచ్చినది మొదలు దేవాలయపరిభాషగాను, 1066లో నార్మనులు ఆ దేశమును జయించిన పిమ్మట ఫ్రెంచి వేషమున రాజాస్థానముల, న్యాయస్థానముల పరిభాషగాను, అటుపిమ్మట పునర్వికాసయుగమున విద్వాంసులు కోరి తెచ్చుకొన్న శాస్త్రపరిభాషగాను లాటిను పదములు పలుమారులు వెల్లువగా వచ్చి చేరుటచేత, నేటి ఇంగ్లీషు నిఘంటువున సగమునకు మించిన పదములు లాటినునుండి నేరుగానో ఫ్రెంచి ద్వారముననో వచ్చినవిగా నున్నవి. తెలుగువానికి ఇది వింత గొలుపు స్థితి కాదు. కన్ను, నీరు, ఇల్లు అని యింట పలుకుచు, నేత్రము, జలము, గృహము అని గ్రంథమున వ్రాయు మన భాషయు నిట్టిదే. చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున తత్సమములను, దేశ్యములను వేరుపరచి చెప్పిన వ్యవస్థను చదివినవానికి ఇంగ్లీషు పదజాలపు రెండంతస్తుల కట్టడము సులభముగనే బోధపడును.

అంతే కాదు, సంస్కృతము కొంచెమైన చదివిన తెలుగు బాలునికి లాటిను ఉపసర్గల వ్యాపారము పూర్వపరిచితమే. ‘హృ’ ధాతువొక్కటే ఉపసర్గభేదముచేత ఆహారము, విహారము, సంహారము, ప్రహారము, పరిహారము అని యొండొంటితో పొంతనలేని అర్థములను పొందుటను మన పూర్వులు ఒక శ్లోకమున కూర్చి పిల్లలచేత వల్లింపజేసిరి. నడపుట యను అర్థము గల లాటిను ‘డ్యూక్’ ధాతువు ఇంట్రడ్యూసు, ప్రొడ్యూసు, రెడ్యూసు, డిడ్యూసు, సెడ్యూసు అని రూపములు పొందునపుడు జరుగునదియు నదియే. ధాతువు ఒకచోట నిలిచియుండగా ఉపసర్గ దానిని బలాత్కారముగా వేరొకచోటికి కొనిపోవుచున్నదని ఆ శ్లోకకర్త గ్రహించిన విషయము ఇచ్చట మరచిపోరానిది. ధాతువు తెలిసినంతమాత్రమున పదము తెలిసినట్లు కాదను హెచ్చరిక అందులోనే యున్నది.

లాటిను ‘స్పెక్’ ధాతువు సంస్కృతమునకును పరాయిది కాదు. పాణినీయమున ‘దృశ్’ ధాతువునకు ఆదేశముగా చెప్పబడిన ‘పశ్య’ రూపమును, గూఢచారి యను అర్థము గల ‘స్పశ’ శబ్దమును ఆ కుటుంబమునకు చెందినవే; ఇంగ్లీషున వేగులవానిని చెప్పు ‘స్పై’ శబ్దమును జర్మానికు ద్వారమున అక్కడికే చేరును. స్పశులు లేని రాజనీతి, మహాభాష్యపు తొలి ఆహ్నికమైన పస్పశ లేని శబ్దవిద్యవలె, శోభింపదని శిశుపాలవధమున మాఘుడు శ్లేషించిన సందర్భమును ఎరిగినవారికి, ఆ మాట యిటలీ దేశపు ప్రాచీనభాషలో కూడ సజీవముగా నుండెనని తెలియుట అపూర్వమైన ఆనందమును కలిగించును. 1786 ఫిబ్రవరి 2వ తేదీన కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సభలో విలియం జోన్సు చేసిన ప్రసంగమునకు మూల మీ సాదృశ్యమే. సంస్కృత, గ్రీకు, లాటిను భాషలకు క్రియాధాతువులయందును వ్యాకరణరూపములయందును కనబడు పోలిక కాకతాళీయము కానేరదనియు, బహుశః నేడు లుప్తమైపోయిన ఒకానొక మూలమునుండి అవి మూడును పుట్టియుండవలయుననియు ఆయన నిర్ణయించెను.

ఇంతవరకు వివాదము లేదు. ధాతువు జ్ఞాపకమునకు తోడ్పడుననియు, భాషల బాంధవ్యమును చూపుననియు అందరు నంగీకరింతురు. కాని పదవ్యుత్పత్తిని చెప్పు శాస్త్రమునకు పాశ్చాత్యులు పెట్టుకొన్న పేరుననే, సత్యము అను అర్థము గల ‘ఎటుమోస్’ అను గ్రీకు శబ్దము చేరియున్నది. పదముయొక్క పుట్టుకను తెలిసికొనుట దాని సత్యమును తెలిసికొనుటయేయను నమ్మకము ఆ పేరుతోడనే పుట్టినది. ప్లేటో తన ‘క్రాటిలస్’ అను సంవాదమున ఈ నమ్మకమునే పరీక్షకు పెట్టెను. పేర్లు సంకేతసిద్ధములని హెర్మోజెనీసు, స్వభావసిద్ధములని క్రాటిలసు వాదింపగా, సోక్రటీసు పెక్కు పదములను విడదీసి వ్యుత్పత్తులు చెప్పుచు పోయి, తుదకు వస్తువులను పేర్లనుండి కాక వస్తువులనుండియే నేర్చుకొనుట మేలని పలుకును. సంవాదమున అధికభాగము వ్యుత్పత్తులతో నిండియుండగా ముగింపు వానిని ఆశ్రయింపకుండుట చూడగా, ప్లేటో ఆ మార్గమున కడవరకు నడచి చూచిన తరువాతనే దాని చాలమిని చెప్పినాడని నేను తలంచుచున్నాను.

ఇదే ప్రశ్న మన దేశమున అంతకంటె సూక్ష్మముగా చర్చింపబడినది. నామములన్నియు క్రియాధాతువులనుండియే పుట్టినవని శాకటాయనుడును నైరుక్తులును సిద్ధాంతీకరింపగా, అన్నియు నట్లు పుట్టినవి కావని గార్గ్యుడును వైయాకరణులలో కొందరును ప్రతిఘటించిరని యాస్కుడు నిరుక్తము మొదటి యధ్యాయమున తెలిపియున్నాడు. గార్గ్యపక్షమువారి ఆక్షేపము మిక్కిలి బలమైనది. మార్గమును వ్యాపించుటచేత గుఱ్ఱమునకు అశ్వమను పేరు కలిగినచో మార్గమును వ్యాపించు సమస్తమును అశ్వమే కావలయును. గుచ్చుకొనుటచేత గడ్డికి తృణమను పేరు కలిగినచో గుచ్చుకొనునదెల్ల తృణమే కావలయును. లోకమున నట్లు లేదు గదా యని వారి వాదము. యాస్కుడు దీనికి చెప్పిన సమాధానము, ఒకే పని చేయువారిలో కొందరికి ఆ పనినిబట్టి పేరు వచ్చుటయు కొందరికి రాకపోవుటయు మనము చూచుచునే యున్నామనునది. కొయ్యను చెక్కు ప్రతివాడును తక్షుడు కాడు. ఊరూర తిరుగు ప్రతివాడును పరివ్రాజకుడు కాడు.

ఈ సమాధానమును తరచి చూడవలయును. యాస్కుడు ధాతువాదమును విడువలేదు. విడువక దానికొక హద్దు నేర్పరచినాడు. పేరు ధాతువునుండి పుట్టియుండవచ్చును గాని, ఆ పేరు ఎవనికి చెందవలెనో నిర్ణయించునది ధాతువు కాదు, లోకమే. ‘సత్య’ శబ్దమును శాకటాయనుడు రెండు వేర్వేరు ధాతువుల ముక్కలను అతికి సాధించెనను నింద వచ్చినపుడు కూడ, అట్లు అసంగతముగా సాధించిన పురుషునిది దోషముగాని శాస్త్రమునది కాదని యాస్కుడు త్రోసిపుచ్చెను. రెండవ యధ్యాయమున ఆయన తన శిష్యులకు ఉపదేశించిన క్రమము మరియు గమనింపదగినది: అర్థమును ముందు స్థిరపరచుకొని, ఆ యర్థమున కనుగుణముగా ధాతువును వెదకవలయునని ఆయన చెప్పెను. అనగా నిరుక్తశాస్త్రమునకు ఆచార్యుడైనవాడే ధాతువునుండి అర్థమునకు దిగిరాలేదు. అర్థమునుండి ధాతువునకు వెళ్ళినాడు. లాటిను ధాతుపట్టికను చేతబట్టుకొని, అందుండి పదముల యర్థములు వాటంతట నవియే ఊరునని యాశించు విద్యార్థి ఈ క్రమమును తలక్రిందులు చేయుచున్నాడు.

అర్థమునకు ధాతువు అవసరమే కాదనుటకు మన ఊళ్ళలో నిత్యము కనబడు బస్సు గొప్ప నిదర్శనము. 1829 నాటికి లండను వీధులలో తిరుగనారంభించిన గుఱ్ఱపుబండికి ‘ఓమ్నిబస్’ అను లాటిను పేరు వాడుకయైనది. సర్వులకొరకు అని దాని యర్థము. ఆ పేరు వ్యవహారమున అరిగి తుదకు ‘బస్’ మాత్రము మిగిలినది. మిగిలిన భాగము లాటినున చతుర్థీబహువచనమున వచ్చు విభక్తిప్రత్యయము. మన ‘సర్వేభ్యః’ అను రూపమున తుది నున్న ‘భ్యః’ ప్రత్యయమునకు సోదరస్థానీయము. అన్ని యను అర్థము గల ప్రకృతి లోపించినది, ప్రత్యయ మొక్కటే నిలిచినది. అట్లు ప్రకృతి లేని ప్రత్యయము శ్రీకాకుళమునుండి ఆదిలాబాదువరకు తెలుగు పలుకు ప్రతివానికిని సంపూర్ణార్థబోధకమగుచున్నది. విభక్తిజ్ఞానము లేనివాడు దానిని పిలిచి ఆపుకొనుటలో పండితునికంటె వెనుకబడుట లేదు. పతంజలి మహాభాష్యమున పస్పశాహ్నికములో చెప్పిన మాట యిక్కడ జ్ఞప్తికి వచ్చును: కుండ కావలసినవాడు కుమ్మరి యింటికి పోయి కుండను చేసిపెట్టుమని యడుగునుగాని, మాటలాడదలచినవాడు వైయాకరణుని యింటికి పోయి నాకు కావలసిన శబ్దములను చేసిపెట్టుమని యడుగడు. శబ్దము, అర్థము, వాని సంబంధము లోకమున ముందే సిద్ధములై యున్నవి. శాస్త్రము తరువాత వచ్చినది.

మీమాంసకులు ఈ విషయమున నింకను దృఢముగా నిలిచిరి. అవయవార్థమువలన పదము బోధించునది యోగము. సముదాయశక్తిచేత లోకప్రసిద్ధమైన యర్థమును బోధించునది రూఢి. రెంటికి విరోధము వచ్చినపుడు రూఢియే బలవత్తరమని వారి నిర్ణయము. ఇది కేవలము పండితుల వినోదమునకై చేసిన నిర్ణయము కాదనుటకు పూర్వమీమాంస ఆరవ యధ్యాయమునందలి రథకారాధికరణము సాక్ష్యము. వర్షర్తువున రథకారుడు అగ్న్యాధానము చేయవలయునని శ్రుతి విధించినది. రథకారుడెవడు? రథమును చేయువాడని యోగార్థమును గ్రహించినచో, రథము చేయు వృత్తి నవలంబించిన త్రైవర్ణికుడని చెప్పవలసివచ్చును. రూఢిని గ్రహించినచో, త్రైవర్ణికులలో చేరని రథకారుడను జాతివాడని చెప్పవలసివచ్చును. మీమాంసకులు రెండవదానినే సిద్ధాంతము చేసిరి. తక్కిన వైదికకర్మలయందు అధికారము లేనివానిగా తాము పరిగణించిన యొకనికి, కేవలము పదముయొక్క లోకప్రసిద్ధిని మన్నించి, ఆధానకర్మయందు అధికారము నిచ్చిరి. ధాతువు ప్రమాణమైయుండినచో ఆ ద్వారము మూసికొని యుండెడిది. పదార్థనిర్ణయము మనుష్యుల యధికారములను తెరచుటకును మూయుటకును శక్తి గలదనుటకు ఇంతకంటె స్పష్టమైన యుదాహరణము నాకు తోచదు. ఈ యధికరణమును చదివినప్పుడెల్ల మీమాంసకుల బుద్ధినైశిత్యమునకే కాక, తమ సామాజికవ్యవస్థకు ప్రతికూలమైనను వాడుకకు తలయొగ్గిన వారి నిజాయితీకిని నేను నమస్కరింతును.

ఆలంకారికులును ఈ మార్గమునే త్రొక్కిరి. కుశలను కోయువానియందు పుట్టిన ‘కుశల’ శబ్దము నేర్పరి యను అర్థమున వాడబడుట లక్షణయని మమ్మటుడు చెప్పగా, విశ్వనాథుడు సాహిత్యదర్పణమున దానిని ఖండించి, వ్యుత్పత్తికి నిమిత్తము వేరు, ప్రవృత్తికి నిమిత్తము వేరు అని తీర్పు చెప్పెను. గమనార్థకమైన ధాతువునుండి ‘గౌః’ అను శబ్దము పుట్టినది కనుక వ్యుత్పత్తియే ముఖ్యార్థమందుమేని, ఆవు పండుకొనియున్నదని పలికినపుడెల్ల లక్షణను ఆశ్రయింపవలసివచ్చునని ఆయన యుక్తి.

ఇక మతవిషయమునకు వత్తము. ఇంగ్లీషున ‘రెలిజియన్’ అను మాట లాటినునుండి వచ్చినదే. దాని ధాతువును గూర్చి ప్రాచీనులే ఏకాభిప్రాయమునకు రాలేదు. సిసెరో క్రీ.పూ. 45లో రచించిన దేవతాస్వభావవిచారమున, దేవతారాధనకు సంబంధించిన విషయములను మరల మరల పారాయణము చేసి శ్రద్ధగా పరిశీలించువారు రెలిజియోసులని, మరల చదువుట యను అర్థము గల ధాతువునుండి ఆ పదమును సాధించినాడు. క్రైస్తవాచార్యుడైన లాక్టాంటియసు నాలుగవ శతాబ్ది యారంభమున దీనిని నిరాకరించి, భక్తిపాశముచేత దేవునికి కట్టుబడియుండుటయే రెలిజియననియు, బంధనార్థకమైన ధాతువునుండియే అది పుట్టినదనియు వాదించినాడు. హిప్పో నగరపు సెయింటు అగస్టీను ఒకచోట బంధనార్థమును సమర్థించుచు, వేరొకచోట మనము కోలుపోయిన దేవుని మరల ఎన్నుకొనుట యను మూడవ వ్యుత్పత్తిని సూచించినాడు.

ఈ మువ్వురిని పక్కపక్కన నిలిపి చూచినచో నొక విషయము స్పష్టమగును. రోమకుని మతము కర్మప్రధానమైనది. తప్పు దొరలకుండ, క్రమము తప్పకుండ ఆచరింపవలసిన క్రతుకలాపము. కనుక అతనికి ధాతువున పునఃపరిశీలనము కనబడినది. లాక్టాంటియసు మతము స్వామిభృత్యసంబంధము. కనుక అతనికి ధాతువున బంధము కనబడినది. అగస్టీను మతము పతనమునుండి ప్రత్యావర్తనము. కనుక అతనికి పునర్వరణము కనబడినది. ధాతువు వారికి మతమును బోధింపలేదు. వారి మతమే వారికి ధాతువును చూపినది. నేటికిని పండితులు నిస్సందేహముగా తేల్చలేని ఆ ధాతువుకొరకు వేచియుండక, కోట్లకొలది జనులు ఆ పదముతో పిలువబడు జీవితమును జీవించి వెళ్ళినారు.

మనము ఆ పదమునకు ‘మతము’ అను తత్సమమును సమానార్థకముగా నియోగించుకొన్నాము. తలంచుట యను అర్థము గల ‘మన్’ ధాతువునుండి పుట్టినది కనుక మత మనగా నొకని యభిప్రాయము మాత్రమేయనియు, ధరించుట యను అర్థము గల ‘ధృ’ ధాతువునుండి పుట్టినది కనుక ధర్మము దానికంటె నున్నతమనియు వేదికలపై వాదించువారిని మనము తరచుగా వినుచున్నాము. ధర్మమునకును మతమునకును భేదము లేదని నేను చెప్పుట లేదు. భేద మున్నది, అది మహాభారతమును చదివి, ఇతరమతస్థుల జీవితమును దగ్గరనుండి చూచి గ్రహింపవలసిన భేదము. దానిని ధాతుపాఠమునుండి రెండు నిమిషములలో తీసి చూపువాడు శ్రోతలను విచారమునుండి తప్పించుచున్నాడు. ఇట్టి యుపన్యాసములు విని తృప్తితో లేచిపోవు సభలను చూచినపుడు నాకు బాధ కలుగును. విద్యావిషయమునను ఇట్టిదే యొక ప్రవాదము వ్యాపించియున్నది. ‘ఎడ్యుకేషన్’ అనగా శిష్యునిలో నున్నదానిని వెలికి తీయుట యని లాటిను ధాతువు చెప్పుచున్నదని అనేకులు వ్రాయుచున్నారు. ఆ పదము పుట్టినది పెంచి పోషించుట యను అర్థము గల క్రియనుండి. వెలికి తీయుట దానికి జ్ఞాతియైన వేరొక క్రియ. ఆ రెంటికి గల భేదము ప్రాచీన రోమను పండితుడైన వారోకు చక్కగా తెలియును: వెలికి తీయునది మంత్రసాని, పెంచునది దాది, బోధించువాడు గురువు అని ఆయన విడదీసి చెప్పియున్నాడు. శిష్యుని శక్తులను వెలికి తీయుట మంచి యాదర్శమే. దానికి లాటిను సాక్ష్యము లేకున్నను లోపము లేదు.

శంకరభగవత్పాదులంతటివారు ధాతువును ఆశ్రయింపలేదా యని యెవరైన ప్రశ్నింపవచ్చును. ఆశ్రయించిరి. బ్రహ్మసూత్రభాష్యమున మొదటి సూత్రమును వ్యాఖ్యానించుచు, వృద్ధ్యర్థకమైన ‘బృంహ’ ధాతువుయొక్క యర్థము అనుగతమై యుండుటచేత బ్రహ్మశబ్దమునుండి నిత్యత్వము, శుద్ధత్వము మొదలగు భావములు తోచుచున్నవని వారు వ్రాసిరి. ఈ వాక్యము నా పక్షమునకు నిజముగనే యెదురు నిలుచునది. దీనిని దాటవేసి పోరాదు. అయితే అదే ప్రకరణమున బ్రహ్మశబ్దమునకు బ్రాహ్మణజాతి మొదలగు వేరర్థములు శంకింపబడినపుడు వానిని తొలగించుటకు వారు ధాతువును ఉపయోగింపలేదు. జగత్తుయొక్క జన్మాదులకు కారణమైనది బ్రహ్మమని రాబోవు రెండవ సూత్రము చెప్పు లక్షణమును చూపిరి. సర్వునకును ఆత్మయై యుండుటచేత బ్రహ్మము ప్రసిద్ధమేయని అనుభవమును గూడ జతచేసిరి. శ్రుతియు, లక్షణమును, అనుభవమును చేయవలసిన పనిని ధాతువుపై మోపలేదు. అవి నిర్ణయించిన దిక్కునకే ధాతువును మొగము త్రిప్పియున్నదని చూపి, జిజ్ఞాసువునకు ధైర్యము కలిగించిరి. ఆచార్యులు ధాతువును సాక్షిగా పిలిచిరి, న్యాయాధిపతిగా కూర్చుండబెట్టలేదని నా యవగాహన.

ధాతుజ్ఞానము అందించు అనుభూతులలో నాకు అన్నిటికంటె ప్రియమైనది శ్రద్ధాశబ్దమునకు సంబంధించినది. నమ్ముచున్నాను అను అర్థమున లాటిను భాషయందుగల ‘క్రేడో’ అను క్రియయు, మన ‘శ్రద్ధా’ శబ్దమును ఒక్క మూలమునుండి పుట్టినవి. క్రైస్తవులు ప్రార్థనాలయములలో పఠించు విశ్వాసప్రకటనము ఆ క్రియతోడనే ఆరంభమగును. ఋగ్వేదము పదవ మండలమున శ్రద్ధను దేవతగా స్తుతించు సూక్తమొకటి కలదు. గీత పదునేడవ యధ్యాయము శ్రద్ధాత్రయవిభాగమునకే యంకితమైనది. ‘శ్రత్’ అనగా సత్యమని వైదికనిఘంటువు. హృదయమని నవీనులలో పెక్కురు. గంగాతీరమునకును టైబరు తీరమునకును నడుమ ఇన్ని పర్వతములు, ఇన్ని శతాబ్దములు అడ్డుపడగా, మనుష్యుడు తాను చూడనిదానియందు మనస్సును నిలుపుటకు పలికిన మాట రెండుచోట్ల నిలిచియుండుట నన్ను పులకింపజేయును.

అయినను ఆ మాట నేడు చేయుచున్న పనులను చూడుడు. ఇంగ్లీషున అది క్రెడిటై బ్యాంకులలో అప్పుపుస్తకములకెక్కినది. సంస్కృతమున శ్రాద్ధమై పితృకార్యమున నిలిచినది. తెలుగు ఇండ్లలో, పాఠమును శ్రద్ధగా చదువుమని తల్లి బిడ్డను హెచ్చరించునపుడు అది ఏకాగ్రతయు, ఓపికయు నైనది. గీతాచార్యుడు చెప్పిన శ్రద్ధకును ఆ తల్లి చెప్పిన శ్రద్ధకును గల దూరము తక్కువది కాదు. వీనిలో ఏది యథార్థమైన శ్రద్ధయని ధాతువు నడిగినచో అది యేమియు చెప్పజాలదు. తన సంతానములో ఎవరు సజ్జనులో చెప్పుట దాని పని కాదు.

ధాతువు చెప్పగలుగునది వంశచరిత్రమును. ఆ విషయమున దానికి తిరుగులేని ప్రామాణ్య మున్నదని నేను నిస్సంకోచముగా అంగీకరింతును. 1816లో మద్రాసున క్యాంబెల్ ప్రకటించిన తెలుగు వ్యాకరణమునకు చేర్చిన ఉపోద్ఘాతవ్యాఖ్యలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిసు, సంస్కృతధాతువులను తెలుగు ధాతువులను ఎదురెదురుగా వ్రాసి చూపి, తత్సమములు ఎన్ని యున్నను తెలుగు సంస్కృతజన్యము కాదనియు, తమిళ కన్నడములకు తోబుట్టువనియు నిరూపించెను. ఆంధ్రభాష సంస్కృతమునుండి పుట్టినదని తరతరములుగా నమ్మిన విద్వాంసుల యభిప్రాయమును కదలించినది ధాతువుల సాక్ష్యమే. రూపసామ్యమును చూచి తొందరపడరాదని చెప్పునదియు అదియే: దేవతార్థకమైన లాటిను ‘దేవుస్’ మన దేవశబ్దమునకు జ్ఞాతియే, దేవతావాచకమే యైన గ్రీకు ‘థేయోస్’ ఎంత పోలికతో కనబడినను జ్ఞాతి కాదు.

మరి అర్థజ్ఞానమున ధాతువునకు స్థానమే లేదా? ఉన్నది, ఆ స్థానమును భర్తృహరి వాక్యపదీయమున నిర్ణయించినంత చక్కగా వేరెవ్వరును నిర్ణయింపలేదు. ఆయన దృష్టిలో అఖండమైన వాక్యమే సత్యము. వాక్యమునుండి పదములను, పదములనుండి ప్రకృతిప్రత్యయములను వేరుచేయుట బుద్ధి చేసికొన్న విభాగము. అట్టి విభాగము నేర్చుకొను బాలురకు ఉపాయము. అసత్యమైన మార్గమున నిలిచి సత్యమును చేరుటకు చేయు యత్నము. అద్వైతులు అధ్యారోపము చేసి తరువాత అపవాదము చేయుమని చెప్పినదానికిని దీనికిని గల సామ్యము స్పష్టమే. ఉపాయమును తృణీకరించువాడు తీరము చేరలేడు, నిజమే. కాని ఉపాయమును ఉపేయమని భ్రమించువానికి కలుగు నష్టము అంతకంటె పెద్దది. ఏలయన తృణీకరించినవాడు తనకేమియు తెలియదనియైన ఎరుగును, భ్రమించినవాడు వెదకుటనే మానివేయును.

కావున లాటిను ధాతువులను బోధించు ఉపాధ్యాయులను ఆ పద్ధతి విడువుడని నేను కోరను. దానిని మన పూర్వుల క్రమమున నడపుడని కోరుదును. అమరకోశమును బాలురచేత వల్లింపజేసిన నాటి పాఠశాలలలో గురుబాలప్రబోధిక తెలుగు టీకగా ఉపయోగపడెను. అందు శబ్దమునకు వ్యుత్పత్తి యుండును, దాని ప్రక్కనే ఇంటివారందరికిని తెలిసిన తెలుగు మాటయు నుండును. బాలుడు వ్యుత్పత్తి చదివి పదము నేర్చుకొనలేదు; తెలుగు మాటచేత పదమును గుర్తించి, వ్యుత్పత్తిచేత దానిని మనస్సున స్థిరపరచుకొన్నాడు. అట్లే నేటి విద్యార్థికిని పదము మొదట నాలుగు మంచి వాక్యములలో వినబడవలయును, కథలోనో వార్తలోనో అది చేయు పనిని అతడు చూడవలయును. ధాతువు ఆ తరువాత రావలయును. ఆ క్రమము తప్పినచోట కలుగు చిక్కు చిన్నది కాదు. ‘పెడ్’ అను అక్షరములు పాదమును చెప్పునని పట్టికలో చదివిన బాలుడు పెడెస్ట్రియన్ అను మాటను సులభముగా గ్రహించి, అదే యుత్సాహముతో పెడగాగీ యను మాటను పాదములకు సంబంధించిన శాస్త్రమనుకొనును. మొదటిదానిలో నున్నది లాటిను పాదమనియు, రెండవదానిలో నున్నది గ్రీకు శిశువనియు, ఆ రెంటిని వేరుపరచి చూపగలిగినది పట్టిక కాక ఆ మాటలు నిలిచిన వాక్యమేయనియు ఉపాధ్యాయుడు ఆ పాఠముననే, ఆ బాలుని యెదుటనే చెప్పవలయును.